నీళ్లు పోసినవాడు

మా పెద్దన్న ఖుద్దూస్ పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఆఖరి స్నానం చేయించింది మా రెండో అన్న అజమత్. ఆ స్నానాన్ని మావాళ్లు గుసుల్ అంటారు. చుట్టూ పర్దా కట్టిన చోటి నుంచి అజమత్ భాయ్ బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, గోడకానుకుని కూర్చున్నాడు. లోపల ఏం కనబడిందని మా ఇంట్లో ఎవరూ అడగరు. గుసుల్ చేసినవాడు చెప్పడు. చనిపోయిన మనిషి తన ఒంటిని తాను దాచుకోలేడు కాబట్టి చూసినవాడే దాచాలి. మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మర్యాద ఇది. ఈ మర్యాదతోనే ఖుద్దూస్ భాయ్ ఒకసారి తలపడ్డాడు. అప్పుడతను వికారాబాద్‌లో బీఏ చదువుతున్నాడు.

అతను కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం పళ్లెం చేత పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. చదువుకునేటప్పుడు కూడా పుస్తకం పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేవాడు. మా అమ్మ లాల్‌బీ నేల అరిగిపోతుందని సణిగేది. అబ్బ మాత్రం తప్పు పిల్లవాడిది కాదనేవాడు. అరవై తొమ్మిదిలో వాణ్ని బడిలో వేశాం, ఆ ఏడే తెలంగాణ గొడవలొచ్చి బడి మూసేశారు, పలక పట్టుకుని తాండూరు గల్లీలు తిరగడం నేర్చాడు, బడి తెరిచినా కాళ్లు మాత్రం ఆగలేదు అని నవ్వేవాడు.

మా అబ్బ తాజ్ మొహమ్మద్ నాపరాళ్ల యార్డులో పనిచేసేవాడు. గనిలోంచి వచ్చిన బండలను చేత్తో రుద్ది నునుపు చేయడం అతని పని. మా మొహల్లాలో మగవాళ్లెవరైనా చనిపోతే, దగ్గరి బంధువుల్లో గుసుల్ తెలిసినవాళ్లు లేకపోతే, అబ్బను పిలిచేవారు. అది పని కాదు, దానికి ఏమీ పుచ్చుకోడు. పిలుపొస్తే చేతిలో రాయి అక్కడే వదిలి వెళ్లేవాడు. తిరిగొచ్చాక ఆ పూటంతా ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఖుద్దూస్ భాయ్ ఇంటర్ తర్వాత కొన్నాళ్లు గనిలో రాళ్లు మోసి, ఆ తర్వాత మళ్లీ చదువు పట్టాడు. పొద్దున ప్యాసింజర్‌లో వికారాబాద్ వెళ్లి సాయంత్రం వచ్చేవాడు. బండిలో సీటున్నా తలుపు దగ్గరే నిలబడేవాడట. ఎనభై ఆరు ఎండాకాలంలో వాళ్ల ఎకనామిక్స్ లెక్చరర్ నర్సింహులు సార్, సెలవుల్లో ఎవరి ఊళ్లో కూలీల బతుకు గురించి వాళ్లు వ్యాసం రాసి తెమ్మన్నాడు. మంచివాటిని తనకు తెలిసిన పత్రికకు పంపుతానన్నాడు. ఆ మాటతో మా ఇంట్లో తిరుగుడు మరింత పెరిగింది.

భాయ్ గనుల వెంట తిరగడం మొదలుపెట్టాడు. మొదట కూలి గురించి, దుమ్ముతో వచ్చే దగ్గు గురించి అడిగాడు. అందరూ చెప్పారు. మూడో నాలుగో రోజున అతనికి ఒక వింత కనబడింది. ఏప్రిల్ ఎండలో గనిలో మగవాళ్లెవరూ ఒంటి మీద గుడ్డ ఉంచుకోరు. రాయి సెగ కింది నుంచి, ఎండ పై నుంచి. అలాంటిచోట కొందరు మాత్రం చొక్కా గుండీలన్నీ పెట్టుకుని పనిచేస్తున్నారు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయినా విప్పరు. బండ ఎత్తేటప్పుడు ఒక పక్కకు వంగి, పళ్లు బిగబట్టి ఎత్తుతారు. ఎవరా అని ఆరా తీస్తే, వాళ్లంతా ఈ మధ్య ఒకసారి బొంబాయి పోయొచ్చినవాళ్లని తేలింది.

చొక్కా ఎందుకు విప్పరంటే ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. బిచ్చయ్య అనే అతను ఎద్దు పొడిచిందన్నాడు. ఇంకొకతను చిన్నప్పుడు కడుపునొప్పికి పెట్టిన వాత మళ్లీ పుండైందన్నాడు. చాంద్‌పాషా అని మా వెనక గల్లీ మనిషి మాత్రం నవ్వేశాడు. అతను మోమిన్‌పేట్ నుంచి వచ్చి తాండూరులో స్థిరపడినవాడు, ఎప్పుడూ హుషారుగా ఉండేవాడు.

"ఏం సర్వే సార్, నా బనీన్ సైజు గూడ రాస్కుంటవా?" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట.

అసలు సంగతి ఆడవాళ్ల ద్వారా తెలిసింది. చాంద్‌పాషా భార్య భర్త మీద కోపంతో మా అమ్మ దగ్గర నోరు జారింది. ఆయన బొంబాయిలో గుర్దా ఇచ్చొచ్చాడని, అందుకే ఇంటికి కొత్త రేకులు పడ్డాయని, రాత్రుళ్లు పక్క తిరిగి పడుకోలేడని చెప్పింది. పుస్తకాల్లో మూత్రపిండం అని రాసేదాన్ని మావైపు అందరూ గుర్దా అనే అంటారు. కసాయి కొట్టులో వినే మాట మనిషి విషయంలో వినడం నాకు అదే మొదటిసారి. అప్పుడు నేను పదో తరగతి.

వాళ్లను బొంబాయి తీసుకుపోయేవాడు బాల్‌రాజ్. స్టేషన్ బయట అతనికి చాయ్ హోటల్ ఉండేది. మెత్తటి మనిషి. పేరు పెట్టి పిలుస్తాడు, ఇంట్లో అందరి బాగూ అడుగుతాడు. గనిలో పని దొరకని రోజున చాయ్ ఊరికే పోస్తాడు. దేవుడు అందరికీ రెండు ఇచ్చిందే అందుకని, ఒకటి మనకు, ఒకటి ఆపదకు అని చెప్పేవాడట. గోరంత కోత, వారం పండుకుంటే లేచి ఉరకొచ్చు అనేవాడట. బొంబాయిలో రోగికి చుట్టమని కాగితం మీద వేలిముద్ర వేయించేవారు. తిరిగొచ్చాక ఒళ్లు ఎవరికీ చూపొద్దని, చూపితే దొంగ చుట్టరికం చెప్పినందుకు మొదట మీరే జైలుకు పోతారని బెదిరించేవారు. చొక్కాల సంగతి అదని కూడా ఆమే చెప్పింది.

భాయ్ వికారాబాద్‌లో ఒక వకీలును కలిసి అడిగాడు. ఒంట్లో గుర్దా అమ్ముకోవద్దని అప్పటికి చట్టం లేదు. ఎవడి ఒళ్లు వాడు ఇష్టపడి ఇచ్చాడంటే కేసెవరి మీద పెడతావయ్యా అన్నాడట వకీలు. ఆ చట్టం రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆ నెలంతా అతను బస్సెక్కి బషీరాబాద్ వైపు, నడిచి కరణ్‌కోట వైపు తిరిగాడు. ఎక్కడికి పోయినా చొక్కా వేసుకున్న కూలీ ఒకరో ఇద్దరో ఉండేవారు, నోరు మాత్రం విప్పేవారు కాదు. ఆపరేషన్ అయిందా అని అడిగితే ఒక ఊళ్లో మగవాళ్లంతా చేలల్లోకి పరుగెత్తారు. ఎమర్జెన్సీలో కుటుంబ నియంత్రణకని పట్టుకుపోయిన రోజులు వాళ్లింకా మరిచిపోలేదు. అది చెప్పి తనే నవ్వుకున్నాడు. వెంటనే, నవ్వొచ్చే సంగతేముందే వజీరా ఇందులో అని నా మీదే విసుక్కున్నాడు.

వ్యాసం సాపు రాసింది నేను. అతని రాత నడుస్తూ రాసినట్టు ఉండేది. వికారాబాద్‌లో నర్సింహులు సార్ చదివి, పక్కన ఎర్ర పెన్సిలుతో ఒకే మాట రాసి పంపాడు: చూసినవారెవరు?

న్యాయమైన ప్రశ్నే. బాల్‌రాజ్ గోరంత కోత అంటున్నాడు. భాయ్ కాదంటున్నాడు. కానీ ఆ కోతను కళ్లతో చూసినవాడు ఒక్కడూ లేడు. ఒకసారి చాయ్ తాగుతూ అబ్బను అడిగాడు. అంతకుముందు ఏడాది బొంబాయి నుంచి వచ్చినవాళ్లలో ఒకరు చనిపోతే గుసుల్ చేసింది అబ్బే. ఆయన ఒంటి మీద కోత ఉండెనా, ఎంత ఉండె అని అడిగాడు. అబ్బ గ్లాసు కింద పెట్టి, చాయ్ చల్లారిపోతోంది తాగమన్నాడు. కానీ ఆ గ్లాసు పెట్టిన తీరులోనే అబ్బకు తెలుసని మా అందరికీ అర్థమైంది.

ఇదంతా వ్యాసం గొడవగానే ఉండిపోయేది, అజమత్ భాయ్ బాల్‌రాజ్ హోటల్‌లో కూర్చోవడం మొదలుపెట్టకపోతే.

అప్పుడప్పుడే తాండూరుకు పాలిష్ మిషన్లు వస్తున్నాయి. చేత్తో పొద్దంతా రుద్దే బండను మిషన్ కాసేపట్లో అద్దంలా చేసేది. యార్డుల్లో చేతిపనివాళ్లను ఒక్కొక్కరినే మానిపిస్తున్నారు. అజమత్ కూడా అబ్బ పక్కనే కూర్చుని రాయి రుద్దేవాడు. తనకొక మిషన్ ఉండాలని అతని కల. బాల్‌రాజ్ ఆ కలకు దారి చూపించాడు. వచ్చే గురువారం బొంబాయి బండికి తనే టికెట్ తీశాడు. అజమత్ అమ్మకు మాత్రం బొంబాయిలో మిషన్ పని నేర్చుకోవడానికి పోతున్నానని చెప్పాడు.

ఖుద్దూస్ భాయ్‌కి తెలిసిన రోజు ఇంట్లో అమ్మ లేదు. అన్నదమ్ములిద్దరూ వాకిట్లో నిలబడ్డారు. నేను బియ్యం ఏరుతున్నాను. చాంద్‌పాషా మంచం పట్టాడని, పదిరోజులుగా పనిలోకి రావడం లేదని భాయ్ చెప్పాడు.

"పసిరికలైనయ్ ఆయనకు. బాల్‌రాజన్న చెప్పిండు," అన్నాడు అజమత్. పసిరికలంటే మావైపు పచ్చకామెర్లు.

"బాల్‌రాజు డాక్టరా?"

"నువ్వు డాక్టరా మరి? కాయితాలు రాసుకుంట తిరుగుతున్నవ్. ఒక్కని చొక్కా విప్పించినవా? ఒక్కడన్న చూసిండా?"

ఎర్ర పెన్సిలు మాటే. తమ్ముడి నోట అది విని ఖుద్దూస్ భాయ్ గల్లీలోకి నడిచిపోయాడు.

సాయంత్రం అబ్బ వచ్చాక అతను కాళ్లావేళ్లా పడ్డాడు. పోయిన ఏడాది ఏం చూశాడో ఒక్క మాట తమ్ముడికి చెప్పమన్నాడు. పత్రికకు వద్దు, సార్‌కు వద్దు, ఇంట్లో మనవాడికే చెప్పమన్నాడు. అబ్బ అజమత్‌ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"పోకు బేటా," అన్నాడు.

"ఎందుకు పోవద్దు?"

"ఎందుకో నేను చెప్పరాదు. చెప్పినా అంటే, ఇన్నేండ్లు నన్ను నమ్మి పర్దా లోపలికి పిలిచినోళ్లందరి ఒంటి మీద గుడ్డ గుంజేసినట్టే," అన్నాడు అబ్బ.

"నువ్వు చెప్పరాదు, భాయ్ చూపియ్యరాదు. నేను మాత్రం పోరాదు. బాగుంది," అని అజమత్ లేచి వెళ్లిపోయాడు. అబ్బ ఆ పూట తినలేదు. ఖుద్దూస్ భాయ్ నడుస్తూనే ఉన్నాడు. వాకిలి నుంచి గల్లీ మొదటి దాకా, మళ్లీ వాకిలి దాకా. అతనికి అబ్బ మీద కోపం వచ్చిందని నాకు తెలుసు. అబ్బను తప్పు పట్టలేకపోతున్నాడని కూడా తెలుసు. ఆ రెండూ కలిసి అతన్ని నిలవనివ్వలేదు.

మంగళవారం పొద్దున చాంద్‌పాషా చనిపోయాడు.

అతని అన్నదమ్ములు మోమిన్‌పేట్ నుంచి రావాలి. ఎండాకాలం, ఎక్కువసేపు ఉంచేది కాదు. అబ్బకు కబురొచ్చింది. గుసుల్‌కు ఒకరు కడగాలి, ఒకరు నీళ్లు పోయాలి. ఎప్పుడూ నీళ్లు పోసే పెద్దాయన గుల్బర్గాలో కూతురింటికి పోయి ఉన్నాడు. అబ్బ రుమాలు భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాడు. లోపల ఇద్దరు కొడుకులూ ఉన్నారు. అజమత్ మూలన సంచి సర్దుకుంటున్నాడు.

"నీళ్లు పోయనీకి ఒకలు రావాలె," అన్నాడు అబ్బ.

ఖుద్దూస్ భాయ్ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. నెల రోజులుగా వెతుకుతున్నది పక్క గల్లీలో, ఒక పర్దా వెనక ఉంది. లోపలికి పోతే చూసినవాడు తానే అవుతాడు. ఎర్ర పెన్సిలు ప్రశ్నకు జవాబు తన కళ్లలోనే దొరుకుతుంది. అతని ముఖంలో ఆ తొందర నాకు కనబడింది. అబ్బకూ కనబడి ఉంటుంది. చెయ్యి చాపి, అతని చొక్కా జేబులో ఉన్న పెన్ను తీసి కిటికీలో పెట్టాడు.

"వస్తే రా. కాని అండ్ల చూసింది అండ్లనే కడిగేసి రావాలె. నువ్వు రాయొద్దు, నోటితోని చెప్పొద్దు. తమ్మునికి గూడ. మాటియ్యి, పోదాం."

ఖుద్దూస్ భాయ్ గడప మీద ఆగిపోయాడు. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. చూస్తే తనకు తెలుస్తుంది, కానీ అజమత్‌కు చెప్పకూడదు. చూసి మాట తప్పితే అబ్బ ముఖం మళ్లీ చూడలేడు. చూడకపోతే వ్యాసం అక్కడితో ఆగిపోతుంది. అలా అతను నిశ్చలంగా నిలబడటం నేను చూసింది అప్పుడే. తర్వాత నెమ్మదిగా చెప్పులు విప్పేశాడు.

"నేను రాను అబ్బా," అన్నాడు. "అజమత్‌ను తీస్కపో."

అజమత్ ఉలిక్కిపడ్డాడు. తనకు అలవాటు లేదన్నాడు, భయమన్నాడు. చాంద్‌పాషా మొన్నటిదాకా తనతో బీడీ కాల్చినవాడు, ఎట్లా చూడాలన్నాడు. అబ్బ కొంచెంసేపు పెద్దకొడుకు వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఇప్పటికీ చెప్పలేను.

"మయ్యత్ ఏం జేస్తది బేటా, పానం లేని ఒళ్లు. చెంబు పట్టుకొని నేను పొయ్యమన్నకాడ పొయ్యి," అని అజమత్ చెయ్యి పట్టుకున్నాడు. ఖుద్దూస్ అడిగిన మాటే అతన్నీ అడిగాడు. అజమత్ తల ఊపాడు. ఇద్దరూ వెళ్లారు.

ఖుద్దూస్ భాయ్, నేను చాంద్‌పాషా ఇంటి ముందుకు వెళ్లాం. నేను ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. బయట బాల్‌రాజ్ కూడా ఉన్నాడు. పసిరికలు ముదిరినయ్, నాటుమందు పోయమంటే పోయలేదు అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. పెరట్లో పర్దా కట్టారు. రేగాకు వేసి కాచిన నీళ్ల వాసన వస్తోంది. చెంబు ముంచిన చప్పుడు, నీళ్లు పడిన చప్పుడు, అబ్బ తగ్గు గొంతుతో ఇటు అనడం వినబడుతున్నాయి. ఒకచోట నీళ్లు పోసే చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. పొయ్యి బేటా అన్నాడు అబ్బ. మళ్లీ నీళ్లు పడ్డాయి.

అజమత్ బయటికొచ్చినప్పుడు చొక్కా ముందరంతా తడిసి ఉంది. బాల్‌రాజ్ అతని దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. అజమత్ ఆ చేతిని తీసేయలేదు, అతని వైపు చూడనూ లేదు. జనాజా వెంట నడిచి వెళ్లాడు, మట్టి వేసి వచ్చాడు, బావి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. సంచి మాత్రం ఆ రోజూ, మర్నాడూ మూలన సర్దినట్టే ఉంది.

ఆ రెండు రోజులు ఖుద్దూస్ భాయ్ పడిన అవస్థ చెప్పలేను. తమ్ముడు పోతాడో పోడో తెలియదు. అడగడానికి లేదు. పోకని చెప్పడానికీ లేదు. ఎందుకు పోవద్దో ఇప్పుడు అజమత్‌కే ఎక్కువ తెలుసు. భాయ్ వాకిట్లో నడుస్తాడు, తమ్ముడు కనబడగానే ఆగుతాడు, మళ్లీ నడుస్తాడు. తినమని అమ్మ పళ్లెం ఇస్తే దాన్ని పట్టుకుని గల్లీలోకి వెళ్లిపోయి, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. పళ్లెం ఎక్కడ పెట్టాడో గుర్తులేదన్నాడు. పక్కింటి భాగమ్మ మర్నాడు తెచ్చిచ్చింది. మీవోడు మా బర్రెకు పప్పన్నం పెట్టిపోయిండు వదినా అని అమ్మను ఆటపట్టించింది. ఎవరూ నవ్వలేదు.

గురువారం పొద్దున అజమత్ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అమ్మ రొట్టెలు చేసి, మూటగట్టి, మరిచిపోయి పోయాడు ఇచ్చి రమ్మని నన్ను పంపింది. ఖుద్దూస్ భాయ్ నాకంటే ముందే బయల్దేరాడు. నేను పరుగెత్తాల్సి వచ్చింది.

బండి వచ్చే వేళయింది. బాల్‌రాజ్ ప్లాట్‌ఫాం మీద ఉన్నాడు. పక్కన బషీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఇద్దరు కూలీలు, కన్నడంలో ఏదో మాట్లాడుకుంటున్నారు. అజమత్ వాళ్ల దగ్గరికి వెళ్లి, జేబులోంచి టికెట్ తీసి బాల్‌రాజ్ చేతిలో పెట్టాడు.

"ఏమాయె?" అన్నాడు బాల్‌రాజ్. "మీ అన్న ఏమన్న చెప్పిండా?"

"చెప్పలే."

"మీ అయ్య చెప్పిండా?"

"ఎవలు చెప్పలే. నేను పోతలే."

బాల్‌రాజ్ నవ్వుతూనే, మంచిదే, పిరికోనితోని నాకూ పరేషానే అన్నాడు. అజమత్ ఆ మాట పట్టించుకోలేదు. ఆ ఇద్దరు కూలీల వైపు తిరిగి, మీరు గూడ పోకున్రి అన్నాడు. ఎందుకయ్యా అని వాళ్లలో ఒకతను అడిగాడు. అజమత్ ఆ మనిషి ముఖంలోకి చూసి, పోకున్రి అంతే అన్నాడు. బండి వచ్చింది. ఒకతను ఎక్కాడు. రెండో అతను ఎక్కలేదు. ఎక్కినవాడిని కిందికి రమ్మని అతను కిటికీ పట్టుకుని బండి వెంట కొంత దూరం నడిచాడు.

ఖుద్దూస్ భాయ్ తమ్ముడి దగ్గరికి వచ్చాడు. ఏం చూసినవ్ అనే మాట అతని నాలుక మీద ఉందని నాకు తెలుసు. సార్ అడిగిన మనిషి, కళ్లతో చూసినవాడు, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు.

"ఆకలైతుందా?" అన్నాడు.

అజమత్ తల ఊపి బెంచీ మీద కూర్చుని, నా చేతిలో మూట తీసుకుని రొట్టె తుంచాడు. ఖుద్దూస్ భాయ్ కూర్చోలేదు. ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరకు నడుస్తూ, మా దగ్గరికి వచ్చినప్పుడల్లా తమ్ముడు తింటున్నాడో లేదో చూసి వెళ్తున్నాడు.

కాలేజీ తెరిచాక వ్యాసం పట్టుకుని వికారాబాద్ వెళ్లాడు. పత్రికవాళ్లు వచ్చే వారానికే అడిగారని, చూసినవాడు దొరికాడా అని నర్సింహులు సార్ అడిగాడట.

"దొరికిండు సార్," అన్నాడట ఖుద్దూస్ భాయ్.

"పిలువు మరి. పేరు మార్చి వేద్దాం."

"పిలువను సార్. మా తమ్ముడు."

సార్‌కు అర్థం కాలేదు. చూసినవాడి మాట లేకుండా ఈ వ్యాసం అచ్చుకు పోదని చెప్పాడు. ఖుద్దూస్ భాయ్ సరేనని కాగితాలు తీసుకుని, సాయంత్రం బండిలో తలుపు దగ్గర నిలబడి ఇంటికి వచ్చాడు.